అడవిలో ఒక రాత్రి ఒంటరిగా: బుష్‌క్రాఫ్ట్ క్యాంపింగ్‌కి నల్లమల మంచిదా, మారేడుమిల్లి మంచిదా?

చెట్టునీడ:

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఉంటాను. చాలా కాలంగా ఒకటే కోరిక, డిసెంబరులో ఒక రాత్రి ఒక్కడినే అడవిలో పడుకుని రావాలి. రిసార్ట్ వాళ్లు వరసగా టెంట్లు వేసి, స్పీకర్లు పెట్టి, డీజిల్ పోసి కట్టెలు తగలబెట్టే రకం క్యాంపింగ్ కాదు. నీలగిరి తోటలు, టేకు ప్లాంటేషన్లు కూడా వద్దు. దానంతట అది పెరిగిన అడవి కావాలి. మద్ది, ఏగిస, ఇప్ప, వెదురు అన్నీ కలిసి ఉన్న అడవి.

వికారాబాద్ దగ్గర మా మేనమామ వాళ్ల మామిడితోట ఉంది. వీలైనప్పుడల్లా అక్కడికి పోయి టార్పాలిన్ కట్టుకుని హామాక్‌లో (చెట్ల మధ్య కట్టే గుడ్డ ఊయల) పడుకోవడం అలవాటు చేసుకుంటున్నాను. తాళ్ల ముడులు వచ్చు, ఫెర్రో రాడ్‌తో (గీస్తే రవ్వలు రాలే లోహపు కడ్డీ) నిప్పు చేయడం వచ్చు, కత్తి వాడకం వచ్చు. వంట కూడా కట్టెల మీదే చేసుకుంటాను. బుష్‌క్రాఫ్ట్ అంటే ఇదే కదా, కొద్దిపాటి సామానుతో, చేతి పనితనంతో అడవిలో గడపడం.

నా అనుమానాలు ఏంటంటే, మన్ననూరు దాటాక నల్లమలలోకి కొంచెం దూరం నడిచి ఎక్కడైనా పడుకోవచ్చా, లేక మారేడుమిల్లి వైపు వెళ్లడం మంచిదా? దేనికి ఎక్కువ భయపడాలి, పాములకా, ఎలుగుబంట్లకా, మనుషులకా? నిప్పు చేసుకోనిస్తారా? సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంట్లో అమ్మకి ఏం చెప్పి వెళ్లాలి అనేది ఇంకో టెన్షన్. యూట్యూబ్‌లో కనిపించేవన్నీ కెనడా, స్వీడన్ వీడియోలే, మన అడవికి పనికొచ్చే మాట చెప్పేవాళ్లు కావాలి.

---

గుండ్లవాగు:

తమ్ముడూ, ముందు నల్లమల సంగతి తేల్చేద్దాం. మా నాన్నగారు అటవీ శాఖలో చేసి రిటైరయ్యారు, నా చిన్నతనమంతా ఆ రేంజ్ క్వార్టర్లలోనే గడిచింది, కాబట్టి ఇది నాకు తెలిసిన విషయం.

మన్ననూరు నుంచి శ్రీశైలం దారి పొడుగునా ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. కృష్ణ అవతలి వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్. రెండింటిలోనూ పులులు ఉన్నాయి. రాత్రి తొమ్మిది తర్వాత ఆ రోడ్డు మీద బండ్లనే పోనివ్వరు. అలాంటి చోట బండి పక్కన పెట్టి లోపలికి నడిచి పడుకుంటానంటే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి అడుగుపెట్టకూడదు, నిప్పు పెట్టకూడదు, ఆయుధం తీసుకుపోకూడదు. చాలామందికి తెలియనిది ఏంటంటే ఆ చట్టంలో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు, కత్తి కూడా ఆ నిర్వచనంలో ఉంది. నీ నడుముకి వేలాడే బుష్‌క్రాఫ్ట్ కత్తి, బ్యాగులో ఉన్న నైలాన్ తాడు చూసి బీట్ ఆఫీసర్ (ఆ చుట్టుపక్కల అడవిని చూసే శాఖ ఉద్యోగి) నిన్ను ఉచ్చులు పెట్టే వేటగాడు అనుకుంటే ఆయన తప్పేం లేదు, ఎందుకంటే వాళ్లు నిజంగా పట్టుకునే వాళ్ల దగ్గర కూడా అవే ఉంటాయి.

టైగర్ రిజర్వ్ కాకుండా మామూలు రిజర్వ్ ఫారెస్ట్ అయితే పర్లేదు కదా అని కొందరు అంటారు. అక్కడ 1967 అటవీ చట్టం ఉంటుంది. అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు వెలిగించడం, పచ్చి కొమ్మ నరకడం, ఏదైనా సరే కేసే. ఇంక షెల్టర్ కట్టడానికి వెదురు నరికే మాట మర్చిపో.

నిప్పు విషయంలో శాఖ వాళ్లు ఎందుకు అంత గట్టిగా ఉంటారో కూడా చెప్తాను. నల్లమల ఆకు రాల్చే అడవి. డిసెంబరు నుంచే ఆకు రాలడం మొదలై, ఫిబ్రవరి వచ్చేసరికి నేల మీద కాలు పెడితే చీలమండ దాకా ఎండుటాకు. బోద గడ్డి ఒకటి నిలువెత్తున ఎండిపోయి ఉంటుంది. ఒక నిప్పురవ్వ గాలికి లేచిందంటే కొండ కొండంతా రాత్రికి రాత్రి ఎర్రటి గీతలా కాలుతుంది, నేను చూశాను. ఫైర్ వాచర్లు పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పుతారు, నీళ్లు ఎక్కడివి అక్కడ? ఆ నిప్పుకి నేల మీద గూడు పెట్టుకునే పిట్టలు, తాబేళ్లు, ఈ ఏడు మొలిచిన మద్ది మొక్కలు అన్నీ పోతాయి. అందుకే నాకు ఈ విషయంలో ఎవరి మీదా జాలి లేదు.

మరి ఏం చేయాలి? నల్లమల మీద అంత మనసుంటే మన్ననూరు దగ్గర శాఖ వాళ్ల కాటేజీలు ఉన్నాయి, ఫర్హాబాద్ వైపు సఫారీ ఉంది, చెంచులు గైడ్లుగా వస్తారు. ఆ అడవిని వాళ్ల కంటే బాగా చదివినవాళ్లు లేరు. ఒక పూట వాళ్లతో నడిస్తే నీ యూట్యూబ్ వీడియోల అన్నిటి కంటే ఎక్కువ నేర్చుకుంటావు. ఒంటరిగా పడుకోవడం మాత్రం ఇంకో చోట చూసుకో. అడవికి ఆనుకుని ఉన్న పట్టా భూమి, యజమాని అనుమతితో. అదొక్కటే నేను నిజాయితీగా చెప్పగలిగే దారి.

---

జీలుగుమాను:

గుండ్లవాగు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మారేడుమిల్లి వైపు ఏజెన్సీలో టీచరుగా చేస్తున్నాను, మా ఊరు కూడా ఇక్కడే, కాబట్టి ఆ పట్టా భూమి మాట నేను పూర్తి చేస్తాను.

ముందుగా, ఇక్కడ కూడా ఊరు దాటితే రిజర్వ్ ఫారెస్టే, గోదావరి వైపు కొండలు పాపికొండల నేషనల్ పార్కు కింద ఉన్నాయి. శాఖ ఆధ్వర్యంలో ఊరివాళ్లు నడిపే వనవిహారి, జంగిల్ స్టార్ అనే రిసార్ట్‌లు ఉన్నాయి, కానీ మీరు అడుగుతున్నది అది కాదని అర్థమైంది. మీకు కావాల్సింది కొండవాలులో ఎవరో ఒక రైతు చేను, దాని చివర జీడిమామిడి, ఆ చివర నుంచి అడవి మొదలు. 1/70 (గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆపే చట్టం) ఉన్న ప్రాంతం కాబట్టి భూమి కొండరెడ్లదో కోయలదో అయి ఉంటుంది. ఆ రైతుని అడగండి, ఊరి పెద్దకి చెప్పండి, బీట్ ఆఫీసర్‌కి కూడా ఫలానా చేలో ఫలానా రాత్రి ఉంటున్నాను అని ముందే చెప్పండి. అది పట్టానా, అటవీ హక్కుల చట్టం కింద సాగుకి ఇచ్చిన భూమా అని కూడా అడగండి, రెండోదైతే మీ వల్ల ఆ రైతుకి మాట రాకుండా శాఖ వాళ్ల ఒప్పుకోలు లేనిదే దిగొద్దు. డబ్బు ఇవ్వండి, బేరం ఆడకండి. ఆ చేను చివర పడుకుంటే అడవి మీకు పది అడుగుల దూరంలోనే ఉంటుంది. రాత్రి వినపడేవన్నీ వినపడతాయి.

ఇక పడక. నేల మీద పడుకోవద్దు, ఇది నా మొదటి మాట, చివరి మాట. హామాక్ ఉందన్నారు, దోమతెర కుట్టిన హామాక్ అయితే ఇంకా మంచిది. కట్టే చెట్టు తొడంత లావు ఉండాలి, బతికున్న చెట్టు అయి ఉండాలి. కట్టే ముందు తల పైకెత్తి నిదానంగా చూడండి. ఎండిన కొమ్మ వేలాడుతోందా, పెద్ద తేనెపట్టు ఉందా? కొండతేనె పట్టు కింద పొగ పెట్టారంటే పరుగు తప్ప ఇంకో దారి లేదు, పరుగెత్తినా వదలవు. పుట్టల పక్కన, రాళ్ల గుట్టల పక్కన, వెదురు పొదల మొదట్లో వద్దు. వెదురు పొద కింద ఎండాకు దట్టంగా ఉంటుంది, ఎలుకలు ఉంటాయి, ఎలుకలున్న చోటికి పాము వస్తుంది. వాగు ఇసుకలో మెత్తగా ఉందని పడక వేసేవాళ్లు ఉన్నారు, పైన కొండల్లో వాన పడితే ఇక్కడ చుక్క పడకుండానే వాగు వచ్చేస్తుంది. డిసెంబరులో తక్కువే, కానీ బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే ప్రయాణం మానుకోండి.

ఎలుగుబంటి గురించి అడిగారు. నన్ను అడిగితే ఇక్కడ మనిషికి చిరుత కంటే ఎలుగే ప్రమాదం, ఎందుకంటే అది మనల్ని చూసి తప్పుకోదు, ఎదురుపడితే కంగారుపడి మీదకి వస్తుంది. డిసెంబరు, జనవరి రేగుపళ్ల కాలం. రేగుచెట్ల కింద, తవ్విన చెదపుట్టల దగ్గర మసక వెలుతురులో తిరగొద్దు. నడిచేటప్పుడు గొంతెత్తి మాట్లాడుకుంటూనో, కర్రతో రాయి మీద తడుతూనో నడవండి. అడవిదున్నలు కూడా ఉన్నాయి, దూరం నుంచి దండం పెట్టి పక్కకి రండి.

నిప్పు రైతు చేలోనే, దున్నిన నేల మీదే, ఆయన ఒప్పుకుంటేనే. చుట్టూ ఒక బారెడు మేర ఆకు ఊడ్చేయండి. పక్కన బిందెడు నీళ్లు. మీ ఫెర్రో రాడ్ దూదికి బదులు ఒకటి చెప్తాను, ఇక్కడ జీలుగు చెట్లు ఉంటాయి, మట్ట మొదట్లో గోధుమరంగు నూగు ఉంటుంది, మెత్తగా, పొడిపొడిగా. చెకుముకి రాయి కాలం నుంచి మావాళ్లు అదే వాడేవాళ్లు. చిటికెడు తీసి రాడ్ గీస్తే పడిన రవ్వని అది పట్టి ఉంచుతుంది, మంట రాదు, ఎర్రగా నెమ్మదిగా పాకుతుంది, దాన్ని ఎండు వెదురు గీరిన పొట్టులో పెట్టి ఊదితే అంటుకుంటుంది. కల్లు గీసే చెట్టు అయితే మాత్రం యజమానిని అడక్కుండా ముట్టుకోకండి.

అన్నం బొంగులో వండుకోండి. రైతు పెరట్లో వెదురు ఉంటే అడిగి ఒక పచ్చి బొంగు కొట్టించుకోండి, కింద కణుపు ఉండాలి, పైన తెరిచి ఉండాలి. నానబెట్టిన బియ్యం సగానికి కొంచెం పైన, నీళ్లు బియ్యం మీద నాలుగు వేళ్లు, మూతికి అడ్డాకు మడిచి దోపాలి, బిగించి మూయకూడదు, ఆవిరి పోవాలి. మంట మీద కాదు, నిప్పుల పక్కన ఏటవాలుగా ఆనించి తిప్పుతూ ఉండాలి. పచ్చరంగు పోయి పసుపు, తర్వాత నలుపు వస్తుంది, మూతి దగ్గర బుడగలు ఆగిపోయి ఆవిరి వాసన మారుతుంది, అప్పుడు దించేయాలి. రెండు వైపులా కణుపు మూసి ఉన్న వెదురు ముక్క ఎప్పుడూ నిప్పులో వేయకండి, టపాకాయలా పేలుతుంది. ఎండుదైనా సరే కత్తితో చీల్చి వేయండి. వెదురు పొత్తికి గోధుమరంగు నూగు ఉంటుంది, చేతికి గుచ్చుకుంటే దురద. దూలగొండి కాయలు కూడా ఈ కాలంలోనే ఎండుతాయి, వాటి తీగ కనిపిస్తే గాలికి ఎదురుగా నిలబడకండి. అంటుకుంటే రుద్దకుండా టేపు అంటించి పీకేయండి.

డిసెంబరులో అయిదున్నరకి పొద్దు కూకుతుంది, కొండ చాటున ఇంకా ముందే చీకటి. మూడు గంటలకల్లా పడక కట్టడం అయిపోవాలి.

---

నైట్‌డ్యూటీ:

నేను ఏజెన్సీ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను. పాముల దగ్గర ఒక మాట కలపాలి, ఎందుకంటే అందరూ నాగుపాము గురించే అడుగుతారు.

రాత్రి నిద్రలో కరిచేది ఎక్కువగా కట్లపాము. కాటు నొప్పి దాదాపు ఉండదు, గుర్తు కూడా కనపడకపోవచ్చు. చీమో దోమో అనుకుని మళ్లీ పడుకుంటారు. కొన్ని గంటల తర్వాత కడుపునొప్పి, గొంతు పట్టేసినట్టు ఉండటం, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి, ఆ తర్వాత ఊపిరి. మా దగ్గరికి తెల్లవారుజామున వచ్చేవాళ్లలో చాలామంది నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్లే. అందుకే టీచర్ గారు చెప్పిన హామాక్, దోమతెర అనే రెండూ అలంకారాలు కావు. నేల మీద పడుకోక తప్పకపోతే దోమతెర అంచులు పరుపు కిందకి దోపాలి.

రక్తపింజర, చిన్నపింజర అలా కాదు. కాలు పెట్టిన చోట కరుస్తాయి, వెంటనే మంట, వాపు. అందుకే సాయంత్రం తర్వాత టార్చి లేకుండా అడుగు వేయొద్దు, బూట్లు చీలమండ పైదాకా ఉండాలి, పొద్దున్నే తొడిగే ముందు దులపాలి. కట్టెలు ఏరేటప్పుడు ముందు కర్రతో కదిపి తర్వాత చెయ్యి పెట్టాలి.

ఈ నాలుగింటికీ మన దేశంలో ఒకటే మందు పనిచేస్తుంది, అందుకని పాముని పట్టుకుని తేవాల్సిన పని లేదు. కోయడం, చీకడం, తాడు బిగించడం, పసరు తాగడం వద్దు. కరిచిన కాలు కదలకుండా కర్రకట్టి, వీలైనంత తక్కువ నడిచి, 108కి ఫోన్. మీరు ఒంటరిగా ఉంటారు కాబట్టి అసలు ప్రశ్న ఇదే, ఫోన్ ఎక్కడి నుంచి చేస్తారు? సాయంత్రమే సిగ్నల్ దొరికే చోటు వెతికి పెట్టుకోండి. లేకపోతే రైతు ఇంటికి ఈల వినపడేంత దూరంలోనే పడుకోండి. మారేడుమిల్లి నుంచి రంపచోడవరం ఏరియా ఆసుపత్రి ముప్ఫై కిలోమీటర్ల లోపే. రోడ్డు దగ్గర ఉంటే అది దగ్గరే. రెండు కొండలు దాటి లోపల ఉంటే మాత్రం చాలా దూరం.

ఏజెన్సీ మలేరియా తేలిగ్గా తీసుకోవద్దు. తిరిగొచ్చాక ఎప్పుడు చలిజ్వరం వచ్చినా డాక్టరుకి మొదటి మాటగా ఏజెన్సీకి వెళ్లొచ్చానని చెప్పండి. వాగు నీళ్లు తెర్లేదాకా కాచి తాగండి.

---

తారరువా:

న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ నుంచి రాస్తున్నాను, మాది భీమవరం. మీరు చేయాలనుకుంటున్నది ఇక్కడ వారాంతాల్లో చాలామంది చేస్తారు, నేను కూడా చేస్తాను. ఈ దేశంలో దాదాపు మూడో వంతు భూమి పరిరక్షణ శాఖ చేతిలో ఉంది, అందులో చాలా చోట్ల, దారికీ గుడిసెలకీ కొంచెం దూరంగా, గుడారం వేసుకుని పడుకోవచ్చు. నేను వెళ్లేది తారరువా కొండలు, 1954లో ఏర్పాటైన దేశపు మొదటి ఫారెస్ట్ పార్కు. రీము, కామాహి, పైకి పోతే సిల్వర్ బీచ్ చెట్లు, అంతా నాచు పట్టి తడితడిగా ఉంటుంది. పాములు లేవు, ఎలుగులు లేవు, పులి లేదు.

అయినా ఇక్కడ మనుషులు చనిపోతారు. చలికీ, నదికీ. ఎండగా బయలుదేరితే మధ్యాహ్నానికి గాలివాన, నూలు బట్టలు తడిసి ఒంటికి అంటుకుంటే వేసవిలోనే ఒళ్లు చల్లబడి మాట తడబడుతుంది. నది పొంగితే దాటకుండా ఒక రోజు అదనంగా కూర్చోవాలి, అందుకు తిండి ఉండాలి. ఉత్తరాన కౌరీ చెట్లున్న అడవుల్లోకి పోయేటప్పుడు మట్టి ద్వారా వ్యాపించే తెగులు వల్ల బూట్లు తోమి, మందు చల్లుకుని వెళ్లాలి, అది ఎవరూ చూడకపోయినా చేస్తారు. నిప్పు కూడా సీజన్ బట్టి నిషేధం ఉంటుంది, నేనైతే చిన్న గ్యాస్ స్టవ్ తీసుకుపోతాను.

మీకు పనికొచ్చే విషయం ఏంటంటే మీ అమ్మగారి టెన్షన్ సంగతి. ఇక్కడ ఒంటరిగా వెళ్లేవాళ్లు ఒక కాగితం రాసి ఇంట్లో ఇస్తారు. ఏ దారిన పోతాను, ఎక్కడ పడుకుంటాను, ఏ బట్టలు, ఏ రంగు టార్ప్, ఎప్పటికి తిరిగొస్తాను, ఏ టైం దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ ఆఖరి టైం ముఖ్యం. అది లేకపోతే ఇంట్లోవాళ్లు చీకటి పడగానే భయపడతారు, లేదా ఇంకాసేపు చూద్దాం అని మర్నాటి దాకా ఆగిపోతారు. మీరు రైతు పేరు, ఊరి పేరు, ఆయన ఫోన్ నెంబరు, బీట్ ఆఫీసర్ నెంబరు, రంపచోడవరం ఆసుపత్రి అన్నీ రాసి ఇవ్వండి. అమ్మగారికి ఇలా రాసిచ్చిన కాగితం ఎంత ధైర్యమో మా ఇంట్లో చూశాను. ఇక్కడ శాటిలైట్‌కి సిగ్నల్ పంపే చిన్న బీకన్ కూడా జేబులో ఉంటుంది. ఇండియాలో శాటిలైట్ పరికరాలకి అనుమతులు కావాలి, ఆన్‌లైన్‌లో కొనేసి తీసుకుపోకండి.

---

చెట్టునీడ:

అందరికీ చాలా థ్యాంక్స్. నల్లమల ఆలోచన మానేశాను. కత్తి గురించి అసలు తెలియదు, ఇది ఇంకా చాలామందికి తెలియాలి. మన్ననూరుకి వేరేగా పగటిపూట, చెంచు గైడ్‌తో వెళ్తాను.

మారేడుమిల్లి వైపు చేను చివర పడుకోవడం నాకు నచ్చింది. టీచర్ గారూ, రెండు ప్రశ్నలు. హామాక్‌లో వీపు కింద చలి కొడుతుంది, మామిడితోటలోనే తెల్లవారుజామున నిద్ర పట్టలేదు, అక్కడ ఎలా ఉంటుంది? ఇంకోటి, రాత్రంతా నిప్పు ఉంచాలా?

---

జీలుగుమాను:

లంబసింగి అంత చలి ఉండదు కానీ వాగు దగ్గర అయితే తెల్లారుజామున గట్టిగానే ఉంటుంది, మంచు కూడా కురుస్తుంది, టార్ప్ కింద కూడా దుప్పటి చెమ్మగిల్లుతుంది. స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటే చాలదు, వీపు కింద అది అణిగిపోతుంది కాబట్టి వెచ్చదనం రాదు. ఫోమ్ మ్యాట్ ఒకటి హామాక్ లోపల పరుచుకోండి, యోగా మ్యాట్ అయినా సరే, భుజాల దగ్గర జారకుండా వెడల్పుది చూసుకోండి. లేదా హామాక్ బయట కింద నుంచి ఒక రగ్గు తాళ్లతో వేలాడదీయండి, ఒంటి బరువు దాని మీద పడకూడదు. ఆరబెట్టిన బట్టలు ఒక జత, తలకి మఫ్లర్.

నిప్పు రాత్రంతా వద్దు. వంట అయ్యాక నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ పోసి, చేత్తో తాకితే చల్లగా ఉండాలి, అప్పుడే పడుకోండి. జంతువులు నిప్పుకి భయపడి రావనేది సగం నిజమే. మిగిలిన అన్నం, ఉల్లిపాయ తొక్కలు, చేప ముక్కలు పడక దగ్గర ఉంచకపోవడం దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. తిండి సంచి రైతు ఇంట్లో పెట్టేసి రండి.

పదిన్నర దాటాక కుక్క మొరిగినట్టు ఒకటే అరుపు కొండ మీద నుంచి ఆగి ఆగి వస్తే అది జింక, చిరుత కంటపడితే అలా అరుస్తుంది. హామాక్ దిగొద్దు, టార్చి ఒకసారి చుట్టూ తిప్పి ఆర్పేయండి. మీరు చేలో ఉన్నారు, అది కొండ మీద ఉంది. వచ్చేముందు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, వరికోతలు అయిపోయిన చేను ఎవరిదైనా ఉందేమో మా స్కూలు పిల్లల తల్లిదండ్రులని అడిగి పెడతాను. సంక్రాంతి వారం మాత్రం వద్దు, టూరిస్టు కార్లతో రోడ్డంతా నిండిపోతుంది.